మంచుకొండల కింద బొగ్గు వ్యాగన్లు

కోటదిబ్బ రేవుకి ఒకే రోజు రెండు ఉత్తర్వులు వచ్చాయి. రెండూ మంచివే. ఒకటి దేశ భద్రత కోసం, ఇంకొకటి పారదర్శకత కోసం. అత్తా మంచిదే, కోడలూ మంచిదే, ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర చేరితే సొట్టలు పడేది గిన్నెలకి. ఈ కథలో గిన్నె పేరు నూకరాజు.

మొదటి ఉత్తర్వు భద్రతా విభాగం నుంచి వచ్చింది. "రేవు సరిహద్దులలో గల గూడ్సు బండ్లు, వ్యాగన్లు, పట్టాలు, క్రేన్లు మరియు సముద్రమును ఫోటో తీయుట నిషిద్ధము. మన వ్యాగన్లు ఎచట ఉన్నవో శత్రువునకు తెలియరాదు."

రెండోది డిజిటల్ విభాగం నుంచి వచ్చింది. "ప్రతి వ్యాగనును ప్రతిదినము ఫోటో తీసి సంజయకు పంపవలెను. ఫోటో లేని వ్యాగను లేనట్టే పరిగణింపబడును. మన వ్యాగన్లు ఎచట ఉన్నవో లోకమునకు తెలియవలెను."

సంజయ అంటే ప్రధాన కార్యాలయం వారు కొత్తగా కొన్న కంప్యూటర్ యంత్రాంగం. ఫోటో పంపితే చాలు, అందులో ఏముందో, అది ఎక్కడుందో తనే చెప్పేస్తుంది. యుద్ధాన్ని చూసి గుడ్డిరాజుకి చెప్పిన సంజయుడి పేరు దానికి పెట్టారు. అలా పెడితే ఆ గుడ్డిరాజు ఎవరవుతారో పేరు పెట్టినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

నూకరాజు రేవు యార్డులో అసిస్టెంటు. ఇంకా ప్రొబేషనులో ఉన్నాడు. వాళ్ల వీధిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తల్లి దేముడమ్మ ఎండుచేపలమ్మి చదివించింది. నల్లమచ్చ పడకుండా ప్రొబేషను గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఆ ముక్క దేముడమ్మకి కులదైవం పేరులాంటిది. పొద్దున్నే లేచి మొహం కడగకముందే అడిగేది.

"ఏట్రా, ఇంకా అవనేదా నీ పెర్మినెంటు?"

"అవుతుందమ్మా. చెప్పిన పని చేసుకుపోతే అవుతుంది."

చెప్పిన పని చెయ్యడంలో నూకరాజుకి సాటి లేరు. చిక్కల్లా చెప్పినవాళ్లు ఇద్దరు కావడమే. రెండు ఉత్తర్వులూ పట్టుకుని యార్డు మేనేజరు త్రినాథమూర్తి గారి గదిలోకి వెళ్లాడు. త్రినాథమూర్తి గారు రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. కాగితం మీద సంతకం తప్ప మరేమీ పెట్టరు, ఆ సంతకమైనా ఎవరిదో తెలియకుండా పెడతారు.

"సార్, ఇది ఫోటో తియ్యొద్దంటోంది. ఇది తియ్యమంటోంది. ఏది చెయ్యమంటారు?"

"రెండూ చెయ్యవయ్యా."

"ఎలా సార్?"

"నువ్వు గ్రాడ్యుయేటువి. నేను ఇంటరుతో వచ్చినవాణ్ణి. నన్నడుగుతావేం?"

నూకరాజు చాలాసేపు ఆలోచించి, ఫోను కెమెరా మీద బొటనవేలు అడ్డం పెట్టి, ఒక్కో వ్యాగను ముందూ నిలబడి ఒక్కో ఫోటో తీశాడు. తీసినట్టూ అయింది, తియ్యనట్టూ అయింది. యార్డులో అప్పుడు విద్యుత్ కేంద్రానికి వెళ్లాల్సిన బొగ్గు వ్యాగన్లు అరవై ఉన్నాయి. అరవై బొటనవేళ్లూ సంజయకి పంపాడు. సంజయ ఒక్క క్షణం ఆలోచించి, "వ్యాగన్లు సొరంగంలో ఉన్నవి" అంది. కోటదిబ్బలో సొరంగం ఎవరు తవ్వారు, ఎవరి అనుమతితో తవ్వారు అని ప్రధాన కార్యాలయం అడిగింది. దాంతో సమావేశం పెట్టక తప్పలేదు.

సమావేశానికి ప్రధాన కార్యాలయం నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. భద్రతాధికారి భీమశంకరం గారు మీసం ఉన్న మనిషి. సముద్రాన్ని సముద్రం అనరు, తూర్పు దిక్కున ఉన్న నీటి భాగం అంటారు, ఎవరైనా వింటారని. డిజిటల్ అధికారిణి వైజయంతి గారు సముద్రం వంక అసలు చూడలేదు, అది ఇంకా సంజయలోకి ఎక్కలేదు గనక.

"దృశ్యమే దౌర్బల్యం," అన్నారు భీమశంకరం గారు. "చూపించిన వ్యాగను పోగొట్టుకున్న వ్యాగనుతో సమానం."

"చూపించని వ్యాగను అసలు వ్యాగనే కాదు," అన్నారు వైజయంతి గారు. "భాగస్వాముల విశ్వాసం దెబ్బతింటుంది. సమాచారం ప్రవహించాలండీ, ప్రవహించాలి."

మధ్యలో జీడిపప్పు పళ్లెం ఉంది. అది ఖాళీ అయ్యేసరికి ఏకాభిప్రాయం కుదిరింది. వ్యాగను కనిపించవలెను, వ్యాగను ఉన్న చోటు కనిపించరాదు.

గోడవార నిలబడ్డ నూకరాజు మెల్లగా అడిగాడు. "మరి ఫోటోలో వ్యాగను వెనకాల ఏం కనిపించాలండీ?"

భీమశంకరం గారు మీసం సవరించుకున్నారు. "అది విధాన స్థాయి ప్రశ్న కాదు. కార్యనిర్వహణ స్థాయి ప్రశ్న. నేపథ్యం మీరే ఏర్పాటు చేసుకోవాలి."

నేపథ్యాలు కోటదిబ్బ మొత్తానికి ఒక్కచోటే దొరుకుతాయి. సినిమా హాలు పక్క సందులో కిన్నెర ఫోటో స్టూడియో. దాని యజమాని జోగారావు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. అతని దగ్గర ఒక పెద్ద పరదా ఉంది. మంచుకొండలు, నీలం రంగు సరస్సు, అందులో ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు హంసలు. ఆ పరదా ముందు నిలబడని దంపతులు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేరు.

"పెళ్లెవరిది బాబూ?" అన్నాడు జోగారావు.

"పెళ్లి కాదండీ. వ్యాగన్లు. అరవై ఉన్నాయి."

"అరవయ్యా! సామూహిక వివాహాలేటండీ?"

నూకరాజు జరిగిందంతా చెప్పాడు. జోగారావు విని, గెడ్డం గోక్కుని, వృత్తిపరంగా ఒక్కటే ప్రశ్న అడిగాడు. "నిలువు ఫోటోలా, అడ్డం ఫోటోలా?"

మర్నాడు పరదా యార్డుకొచ్చింది. వచ్చీ రాగానే సముద్రపు గాలికి తెరచాపలా లేచి, పట్టుకున్న ఇద్దరు కూలీలను చెరువుగట్టు మీది కొంగల్లా ఎగరేయబోయింది. ఇలా లాభం లేదని, పాత క్రేను షెడ్డులో రెండు స్తంభాలకి బిగించి కట్టారు. పరదా వ్యాగను దగ్గరికి వెళ్లలేదు గనక వ్యాగనే పరదా దగ్గరికి రావాలి. ఇంజను డ్రైవరు ఫ్రాన్సిస్ ఒక్కో వ్యాగనునీ రైలుబండి నుంచి విడదీయించి, తోసుకొచ్చి, హంసల ముందు నిలబెట్టడం మొదలుపెట్టాడు.

"కొంచెం ఎనక్కి," అనేవాడు జోగారావు, మెడలో కెమెరా వేసుకుని. "ఇంకొంచెం. సాలు సాలు. ఇటు తిరగాలి. గెడ్డం కాస్త పైకి..."

ఫ్రాన్సిస్ ఇంజనులోంచి తల బయటపెట్టాడు. "గెడ్డం ఎక్కడుందో సూపించు బాబూ, నేనే ఎత్తుతాను!"

"అలవాటులో అనేసేనయ్యా. నువ్వు మాత్రం మొహం అలా పెట్టకు, పెళ్లివోరి బావమరిదిలాగ."

వారం తిరిగేసరికి యార్డుకి ఇదే పని అయింది. పొద్దున వ్యాగన్లు విడదీయడం, పరదా ముందు నిలబెట్టడం, సాయంత్రం మళ్లీ కలపడం, కలిపేసరికి మర్నాటి ఫోటోలకి వేళవడం. పట్టాలు మార్చే పాయింట్ల దగ్గర పనిచేసేవాళ్లు పరదా దగ్గర వరస నిలబెట్టేవాళ్లయ్యారు. బయట సముద్రంలో ఓడలు చోటు కోసం కూతలు వేసి వేసి గొంతు పోగొట్టుకున్నాయి. అరవై వ్యాగన్లూ ఫోటోలు దిగుతున్నాయే గాని, విద్యుత్ కేంద్రానికి ఒక్క బొగ్గు పెళ్ల వెళ్లలేదు. ఊళ్లో కరెంటు పోవడం మొదలైంది.

"ఫోటోలు వందకి వంద శాతం," అని వైజయంతి గారు అభినందన పంపారు. యార్డులో కరెంటు లేక, త్రినాథమూర్తి గారు దాన్ని కొవ్వొత్తి వెలుగులో చదువుకున్నారు.

అంతా సవ్యంగా జరుగుతోంది అనుకునే వేళకి సంజయ నోరు విప్పింది. పరదా కట్టిన నాటి నుంచి వ్యాగన్లు ఏమిటో చెప్పి ఊరుకున్నది, ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా తేల్చింది. "స్థలం: మంచుకొండలు, సరస్సు తీరం. బొగ్గు వ్యాగన్లు అరవై. హంసలు రెండు."

ప్రధాన కార్యాలయం ఉలిక్కిపడింది. ఫోటోలు పంపింది నూకరాజు గనక, సంజాయిషీ నోటీసూ నూకరాజుకే వచ్చింది. "సదరు అరవై వ్యాగన్లను ఎట్టి అనుమతి లేక మంచుకొండలకు తరలించినందున, ప్రొబేషనులో ఉన్న మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపవలెను. హంసలు సంస్థ ఆస్తులా, ప్రైవేటువా అన్నది కూడా స్పష్టపరచవలెను."

ఆ పూట నూకరాజుకి అన్నం సయించలేదు. దేముడమ్మ కంచం ముందు కూర్చుని విసనకర్రతో విసురుతూ కూపీ లాగింది.

"నువ్వు ఎక్కడికీ పంపలేదు గదేటి?"

"లేదమ్మా. అక్కడే ఉన్నాయి. ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తున్నాయి."

"మరింకేటి బెంగ? ఆల్లని రమ్మను. ఏలెట్టి సూపించు. ఇనప బండేమన్నా సేపా, పిల్లి ఎత్తుకెల్లిపోడానికి?"

త్రినాథమూర్తి గారి సలహా వేరుగా ఉంది. "తప్పయిపోయింది, ఇకముందు జరగదు అని రాసెయ్యి."

"నేను పంపలేదు కదా సార్."

"అదేనయ్యా నీ కొంప ముంచేది. పంపినవాడికి వెనక్కి తెచ్చే దారి తెలుస్తుంది. పంపనివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

నూకరాజు ఉన్నది ఉన్నట్టే రాశాడు. వ్యాగన్లు ఇక్కడే ఉన్నాయని, కొండలు గుడ్డ మీద వేసినవని, హంసలు జోగారావు గారివని. దాని మీద ప్రధాన కార్యాలయం నుంచి ఒక విచారణాధికారి దిగారు. వెంట భీమశంకరం గారూ, వైజయంతి గారూ వచ్చారు. నూకరాజు వాళ్లను తిన్నగా వ్యాగన్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

విచారణాధికారి ఒక వ్యాగను మీద చెయ్యి వేసి చూశారు. అరచెయ్యి నల్లగా అయింది. రుమాలుతో తుడుచుకున్నారు. రుమాలు నల్లగా అయింది.

"ఇది వ్యాగనులా ఉంది," అన్నారు.

"వ్యాగనేనండీ."

"నా కంటికి అలా కనిపిస్తోంది. కాని కన్ను రికార్డు కాదు కదా. రేపు నా కన్నుని ఏ ఫైలులో పెట్టమంటారు?"

"బొగ్గు అంటుకుంది కదండీ చేతికి."

"అది నా వ్యక్తిగత అనుభవం. సంస్థ అనుభవం కాదు."

జోగారావు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అయ్యా, ఆ కొండలు నిజం కొండలు కావండీ. మా బావమరిది వేసినాడు. కావాలంటే సూడండి, కుడి పక్క హంసకి మెడ కాస్త పొడుగొచ్చీసింది. అప్పుడే తిట్టేను."

వైజయంతి గారికి కోపం వచ్చింది. "అంటే సంజయకి బొమ్మకొండకీ నిజం కొండకీ తేడా తెలియదంటారా? దాన్ని ఎంపిక చేసిన కమిటీలో ఎవరున్నారో తెలుసా మీకు?"

జోగారావుకి తెలియదు గాని, ఆవిడ గొంతు విన్నాక తెలిసింది. వెనక్కి జరిగాడు.

నూకరాజు చివరి ప్రయత్నం చేశాడు. "అయ్యా, పరదా లేకుండా ఒక్క ఫోటో తియ్యనివ్వండి. వెనకాల మన క్రేన్లూ, మన సముద్రమూ కనిపిస్తాయి. వ్యాగన్లు ఇక్కడే ఉన్నాయని సంజయే చెబుతుంది."

"నిషిద్ధం!" భీమశంకరం గారి మీసం లేచి నిలబడింది. "ఒక మనిషి ఉద్యోగం కోసం దేశాన్ని ఫోటోలో పెట్టేస్తారా? నీటి భాగం కనిపించిందంటే, ఆ తర్వాత శత్రువుకి మిగిలిందేముంది?"

విచారణ ముగిసింది. వ్యాగన్లు కళ్లెదుట ఉన్నప్పటికీ దొరకలేదని తేలింది. కాబట్టి ఉన్నచోటికి వెళ్లి వెతకాలన్నారు. విచారణాధికారి, భీమశంకరం గారు, వైజయంతి గారు కలిసి గాలింపు బృందంగా ఏర్పడి, ఎండలు ముదరకముందే కుటుంబాలతో సహా మంచుకొండలకి బయల్దేరారు. వెళ్లేముందు నూకరాజుతో, "మేం తిరిగొచ్చేదాకా నీ సంగతి తేలదు. ధైర్యంగా ఉండు," అన్నారు. ఊళ్లో కరెంటు లేదు గనక, ఉక్కపోతలో ధైర్యంగా ఉండటం కష్టమైంది.

బృందం శాలువలతో, ఆపిల్ పళ్ల బుట్టలతో, నివేదికతో తిరిగొచ్చింది. "అనేక సరస్సులను ఉదయమునను, సాయంకాలమునను పరిశీలించితిమి. పడవలలో కూడా పరిశీలించితిమి. హంసలు అగపడినవి. వ్యాగన్లు అగపడలేదు. మంచు కింద ఉండవచ్చును. అంత విలువైన ఆస్తులను ఆ ప్రాంతమున దిక్కు లేకుండా వదలుట క్షేమము కాదు. అచట తక్షణము ఒక యార్డు నెలకొల్పి, బాధ్యుని నియమించవలెను."

యార్డుకి హిమ యార్డు అని పేరు పెట్టారు. బాధ్యుడిగా ఎవరిని వెయ్యాలన్న ప్రశ్నే రాలేదు. ఆ వ్యాగన్లను ఎరిగినవాడు, ఎలా వెళ్లాయో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. కాని ఒక చిక్కొచ్చింది. చలి ప్రాంతాలకి ప్రొబేషనులో ఉన్నవాళ్లను పంపకూడదని నిబంధన. నిబంధన మీరకూడదు. అందుచేత ముందు నోటీసు రద్దు చేశారు, ఆ కిందనే ఉద్యోగం పర్మనెంటు చేశారు, ఆ కిందనే హిమ యార్డుకి యార్డు మాస్టరుగా బదిలీ చేశారు. మూడూ ఒకే కాగితంలో.

దేముడమ్మ చేపల బుట్ట దింపేసి కొడుకు చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. "అయిపోనాదా! పెర్మినెంటు అయిపోనాదా! ఏ ఊరేసినారు నానా?"

"ఉద్యోగం పర్మనెంటయిందమ్మా. ఊరే ఇంకా లేదు."

"ఊరికేటిరా! ఉజ్జోగం ఉంటే ఊరు దానంతటదే వత్తాది."

నూకరాజుకి అంత నమ్మకం కలగలేదు. ఉద్యోగంలో చేరాలి, చేరినట్టు ఫోటో పంపాలి. చేరకపోతే పర్మనెంటూ పోతుంది. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. ఉత్తర్వు మూడుసార్లు చదివాడు. హిమ యార్డు ఎక్కడున్నదీ అంటే మంచుకొండల కింద, సరస్సు ఒడ్డున, హంసలకి ఎదురుగా అని ఉంది. ఆ చోటు అతనికి తెలుసు. విచారణ తర్వాత జోగారావు పరదాని విప్పుకుని స్టూడియోకి పట్టుకుపోయాడు. నూకరాజు తలదువ్వుకుని సినిమా హాలు పక్క సందుకి నడిచి వెళ్లాడు.

"సొక్కాతో నిలబడితే ఎలా బాబూ, అంత మంచులో?" అని జోగారావు పెళ్లికొడుకుల కోటు తీసి తొడిగాడు. "మెడలో దండ కూడా వెయ్యనా?"

"వద్దండీ. ఇది ఆఫీసు పని."

ఫోటో వెళ్లింది. సంజయ చూసింది. "యార్డు మాస్టరు విధులలో చేరినారు," అంది.

చేరిన యార్డు మాస్టరు ముందు అరవై వ్యాగన్ల బాధ్యత ఉంది. అవి ఇప్పుడు కోటదిబ్బవి కావు, హిమ యార్డువి. ఫోటో నిషేధం కోటదిబ్బకి, రోజూ ఫోటో తియ్యాలన్న నియమమూ కోటదిబ్బకే. హిమ యార్డుకి ఇంకా ఏ నియమమూ పుట్టలేదు. ఈ సంగతి తట్టగానే నూకరాజు స్టూడియో బల్ల మీదే కూర్చుని, అరవై వ్యాగన్లూ విద్యుత్ కేంద్రానికి బయల్దేరవచ్చునని ఆజ్ఞ రాసి, యార్డుకి వెళ్లి ఫ్రాన్సిస్‌కి స్వయంగా అందించాడు.

ఫ్రాన్సిస్ చదివి తల గోక్కున్నాడు. "మంచుకొండల నుంచి బయలెల్లాలంటే దారిలో ఎక్కడెక్కడ ఆగాలి బాబూ?"

"ఎక్కడా ఆగక్కర్లేదు. ఆ ఎదురుగా ఉన్న సిగ్నల్ దాటితే చాలు."

సాయంత్రానికి ఊళ్లో దీపాలు వెలిగాయి. మంచుకొండల దగ్గర మధ్యాహ్నం బయల్దేరిన బొగ్గు సాయంత్రానికల్లా చేరడం చూసి ప్రధాన కార్యాలయం నోరు తెరిచింది. రైళ్ల చరిత్రలో అంత వేగం లేదన్నారు. ఆ ఆనందంలో లెక్కలు సరిచూశారు. కోటదిబ్బ యార్డు ఎన్నాళ్లుగానో ఒక్క వ్యాగను కదిలించలేదు. హిమ యార్డు మొదటి రోజే అరవై కదిలించింది. దాంతో హిమ యార్డుకి కొత్త ఉత్తర్వు వచ్చింది. "పనికిరాని కోటదిబ్బ రేవును మూసివేసి, ఓడలన్నింటిని ఇకపై మీ యార్డు ముందున్న సరస్సుకు రప్పించుటకు ఉద్దేశింపబడినది. సరస్సు లోతు ఎంతయో ఫోటో ద్వారా తెలుపవలెను. లోతు చాలని పక్షమున యార్డు కొనసాగింపు విషయము పునరాలోచింపబడును."

జోగారావు అది చదివి ఎగిరి గంతేశాడు. "లోతని సెప్పు బాబూ! బల్ల మీద బల్ల వేసి ఎక్కి నిలబడు, నిచ్చెన పట్టుకో, ఏనుగు మునిగిపోయే లోతని నేను తీసిపెడతాను. రేవంతా నీ సేతికొచ్చేత్తాది."

నూకరాజు పరదా వంక చూశాడు. లోతుందంటే తనకి పెద్ద కుర్చీ, ఫ్రాన్సిస్‌కీ యార్డులో అందరికీ ఇంటిదారి. లోతు లేదంటే హిమ యార్డు పోవచ్చు, దాంతోబాటు పర్మనెంటూ పోవచ్చు. పొద్దున్న అమ్మ మొహం కడగకముందే అడిగేది మళ్లీ మొదలవ్వచ్చు. చెప్పులు విడిచి, వంగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. వెళ్లి హంసల పక్కన నిలబడ్డాడు.

"ఇదేటి బాబూ? ఏ పెళ్లికొడుకూ ఇలా నిలబడలేదు."

"తియ్యండి జోగారావు గారూ."

సంజయ ఫోటో చూసి, "మోకాలి లోతు" అంది. మర్నాడు ప్రధాన కార్యాలయం తేల్చేసింది. "లోతు చాలనందున కోటదిబ్బ రేవు యథాతథముగా కొనసాగును. సరస్సును తవ్వించుటకు కమిటీ వేయబడును. కమిటీ నివేదిక వచ్చు వరకు హిమ యార్డును, యార్డు మాస్టరును కొనసాగించవలెను. విధి నిర్వహణలో నీటిలోనికి దిగినందున, తడిసిన దుస్తులు ఆరబెట్టుకొనుటకై యార్డు మాస్టరుకు ఒక పూట సెలవు మంజూరు చేయడమైనది."

దొంగ సెలవు వాడుకోవడం నూకరాజుకి చేతకాదు. ఇంటికి వెళ్లి, ప్యాంటు విప్పి మోకాళ్ల దాకా బకెట్టులో ముంచి, పిండి, దండెం మీద ఆరేసి, అది ఆరేదాకా లుంగీ కట్టుకుని పక్కనే కూర్చున్నాడు.